డాంబరు దిగితే మళ్లీ ఓనమాలే

మొరం బాటపై సైకిలు సవారీ: పట్నానికి కొత్త, పల్లెకు పాత

అచ్చంపేట: తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నానికల్లా నున్నని డాంబరు రోడ్డు మీద వంద కిలోమీటర్లు అవలీలగా తొక్కే సైకిలిస్టుకు సైతం, తండాకు పోయే మొరం బాట మీద అర కిలోమీటరు పోకముందే కాలు కింద పెట్టవలసి రావచ్చు. కాళ్లలో సత్తువ లేక కాదు. డాంబరు మీద ఏ అలవాట్లు అతన్ని ముందుకు తీసుకుపోయాయో, మొరం మీద అవే కింద పడేస్తాయి. సన్నని టైరు, రాయిలా గట్టిగా కొట్టిన గాలి, ముందుకు వంగిన నడుము, బిగించి పట్టిన హ్యాండిలు: ఈ నాలుగూ అక్కడ గుణాలు, ఇక్కడ దోషాలు.

ఇటీవలి సంవత్సరాలలో దేశదేశాల సైకిలిస్టులు నున్నని రోడ్లు విడిచి కంకర బాటలు వెతుక్కుంటూ పోతున్నారు. దీనికి ‘గ్రావెల్ రైడింగ్’ అని పేరు. గ్రావెల్ అన్నది మన కాంట్రాక్టర్ల నోట రోజూ వినబడే మాటే. మొరం, కంకర పరచిన కచ్చా రోడ్డు అని అర్థం. పేరు కొత్తదే గాని పని పాతది. పాల క్యాన్లు తగిలించుకున్న పాలవాడు, సంచి వేసుకున్న పోస్టుమాను, పక్క ఊరి బడికి పోయే పంతులు, పెళ్లిలో సైకిలు, వాచీ, రేడియో పుచ్చుకున్న కొత్త అల్లుడు... వీరంతా ఈ ప్రాంతపు ఊళ్లలో తొక్కినది ఈ సవారీయే. వారికి వేరే దారి లేదు గనుక తొక్కారు. ఇప్పుడు కొందరు కోరి తొక్కుతున్నారు. అలా వచ్చేవారు నేర్చుకోవలసినది ఎంతో ఉన్నది. వారిని చూసే పల్లెకు తెలిసినదీ ఎంతో ఉన్నది.

డాంబరు ఎక్కడ ఆగుతుంది?

పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరిన అచ్చంపేట హైదరాబాదుకు సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే 765వ నంబరు జాతీయ రహదారి మీద డిండి దాటిన తరువాత హాజీపూర్ చౌరస్తా దగ్గర తిరిగితే అచ్చంపేట వస్తుంది. తిరగకుండా నేరుగా పోతే మన్ననూర్ చెక్‌పోస్టు, ఆపైన నల్లమల అడవి.

రాజధానిలో సైకిలు తొక్కేవారికి చదునైన దారులకు కొదువ లేదు. అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరులో ప్రారంభించారు. దూర సవారీలు చేసే బృందాలూ ఉన్నాయి. ఫ్రాన్సులో పుట్టిన పద్ధతి ప్రకారం 200 కిలోమీటర్లను 13న్నర గంటలలో, 300 కిలోమీటర్లను 20 గంటలలో, 600 కిలోమీటర్లను 40 గంటలలో ముగించడం ఈ సవారీల నియమం. అటువంటి సవారీ ముగించినవాడు కూడా మొరం బాట మీద కొత్తవాడే. జాతీయ రహదారి దిగి, మండల రోడ్డు దాటి, చెరువు కట్ట ఎక్కి, పొలాల మధ్య బండ్ల బాటలో పడ్డప్పుడు అతడు సైకిలు నేర్చుకున్న మొదటి రోజు మళ్లీ వస్తుంది.

డాంబరు కంటె సైకిలు ముందు

సైకిలు డాంబరు కోసం పుట్టిన బండి అని నేటి పిల్లలు అనుకోవచ్చు. నిజానికి సైకిలు పుట్టిన నాటికి లోకంలో చాలా రోడ్లు మట్టివి, కంకరవి, రాళ్లు పరిచినవి. గాలి టైరు వాడుకలోకి వచ్చినది కూడా గతుకుల బాధ పడలేకనే. బెల్‌ఫాస్ట్ పట్టణంలో ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల బండికి కుదుపులు తగ్గించాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో దానికి పేటెంటు పొందాడు.

ప్రపంచ ప్రసిద్ధమైన ‘టూర్ డి ఫ్రాన్స్’ సైకిలు పందెం 1903లో మొదలైంది. ఆ ఏడు ఆరు అంచెలలో 2,428 కిలోమీటర్లు తొక్కవలసి వచ్చింది. ఆనాటి రోడ్లు నేటి మన తండా బాటల వంటివే. 1913 పందెంలో జరిగిన ఒక సంఘటనను సైకిలు తొక్కేవారు నేటికీ చెప్పుకుంటారు. యూజీన్ క్రిస్టోఫ్ అనే పోటీదారుకు టూర్మలే కొండ దిగుతుండగా ముందు ఫోర్కు విరిగిపోయింది. ఇతరుల సాయం తీసుకోరాదని నియమం. అతడు సైకిలును భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, సెంట్ మరీ డి కాంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి చేరాడు. అధికారులు పక్కన నిలబడి చూస్తుండగా తన చేతులతోనే ఇనుము కాల్చి, సుత్తితో కొట్టి ఫోర్కు అతికించుకున్నాడు. అయితే కొలిమి దగ్గర ఒక బాలుడు తిత్తి ఊదాడు. అది పరాయి సాయమేనని అధికారులు తేల్చి క్రిస్టోఫ్ లెక్కలో కొన్ని నిమిషాలు అదనంగా కలిపారు. ఇంత జరిగినా అతడు పందెం మానలేదు, చివరిదాకా తొక్కాడు.

తరువాత రోడ్లు బాగుపడ్డాయి. టైర్లు సన్నబడ్డాయి. పందెం సైకిళ్లు తేలికబడ్డాయి. కంకర సంగతి చాలామంది మరచిపోయారు. మళ్లీ 2006లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, ఎంపోరియా అనే చిన్న పట్టణం చుట్టూ ఉన్న మట్టి రోడ్ల మీద 200 మైళ్ల పందెం, అంటే సుమారు 320 కిలోమీటర్లది, మొదలుపెట్టారు. అక్కడి గుట్టలలో చెకుముకి రాయి ఎక్కువ. దాని అంచు కత్తిలా టైరును కోస్తుంది. ‘అన్‌బౌండ్’ అని ఇప్పుడు పిలిచే ఈ పందెంలో 2021లో ఇయాన్ బాస్వెల్ గెలిచాడు. చివర అతనితో తలపడినవాడు లారెన్స్ టెన్ డామ్. ఇద్దరూ టూర్ డి ఫ్రాన్స్ తొక్కి వచ్చినవారే. అంతటివారు పెద్ద రోడ్లు విడిచి కంకర మీదికి దిగడంతో ఈ సవారీకి పేరు వచ్చింది. 2022లో ఇటలీలో తొలి ప్రపంచ గ్రావెల్ చాంపియన్‌షిప్ కూడా జరిగింది. పురుషులలో బెల్జియం వాడైన జియాని వెర్మీర్ష్, స్త్రీలలో ఫ్రాన్సుకు చెందిన పౌలిన్ ఫెరాన్ ప్రెవో విజేతలయ్యారు.

అంగుళంన్నర టైరు రహస్యం

ఇక్కడ పల్లెవారు తెలుసుకుని సంతోషించదగ్గ విషయం ఒకటి ఉన్నది. డాంబరు పందెం సైకిలు టైరు వెడల్పు 25 నుంచి 28 మిల్లీమీటర్లు. లక్ష రూపాయలు దాటిన ధరకు అమ్మే గ్రావెల్ సైకిలుకు వేసే టైరు 38 నుంచి 45 మిల్లీమీటర్లు. మన ఇంటి ముందు ఏళ్లతరబడి నిలబడ్డ హీరో, అట్లాస్ సైకిళ్ల టైరు మీద రాసి ఉండే కొలత 28 x 1½. అంగుళంన్నర అంటే 38 మిల్లీమీటర్లు. లోకమంతా తిరిగి తిరిగి మళ్లీ మన పాలవాని టైరు దగ్గరికే వచ్చిందన్నమాట.

వెడల్పు టైరు ఎందుకు కావాలి? సన్నని టైరు వదులు మొరంలో కత్తిలా దిగబడుతుంది. ముందు చక్రం దిగబడిందంటే హ్యాండిలు మాట వినదు. వెడల్పు టైరు బరువును ఎక్కువ నేల మీద పరచి పైన తేలుతుంది. గాలి సంగతీ అంతే. సన్నని టైరుకు 80 నుంచి 100 పౌండ్ల గాలి కొడతారు. మొరం మీద అంత గాలి ఉంటే ప్రతి రాయికీ చక్రం ఎగిరిపడుతుంది. ఎగిరినంతసేపు తొక్కిన బలమంతా వృథా. 40 మిల్లీమీటర్ల టైరుకు మనిషి బరువును బట్టి 30 నుంచి 40 పౌండ్లు సరిపోతుంది. అప్పుడు రాయి తగిలినచోట టైరు లోపలికి ఒదిగి, రాయిని మింగి ముందుకు పోతుంది.

అలాగని గాలి మరీ తీసివేయరాదు. తక్కువ గాలితో రాయిని గట్టిగా కొడితే, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. చూడటానికి పాము కరిచినట్టు ఉంటుంది గనుక ఇంగ్లీషు వారు కూడా దానిని పాము కాటు అనే పిలుస్తారు. ఇక తుమ్మ ముళ్లు, పల్లేరుకాయల గురించి ఈ నేల మీది వారికి చెప్పనక్కరలేదు. ఇప్పుడు ట్యూబు లేని టైర్లలో రబ్బరు పాల వంటి ద్రవం పోస్తున్నారు. ముల్లు దిగి చిల్లు పడగానే గాలితోపాటు ఆ ద్రవం వచ్చి గడ్డకట్టి చిల్లును మూస్తుంది. చిన్న ముళ్లకు అది పనిచేస్తుంది. టైరే చీలితే మాత్రం పంచరు షాపువాని పాత ఉపాయమే గతి: పాత టైరు ముక్క ఒకటి కోసి చీలిక లోపల పెట్టి, ట్యూబు వేసి, మెల్లగా ఇల్లు చేరడం.

కూర్చునే తీరు, పట్టే తీరు

గతుకుల మీద పోయే పల్లె మనిషిని గమనిస్తే చాలు, పాఠం అర్థమవుతుంది. గుంత రాగానే అతడు సీటు మీది నుంచి కాస్త లేస్తాడు. రెండు పెడళ్లూ సమంగా ఉంచి కాళ్ల మీద బరువు వేస్తాడు. మోచేతులు వంచి హ్యాండిలును వదులుగా పడతాడు. కుదుపు చేతులలో, మోకాళ్లలో ఆగిపోతుంది, నడుముకు చేరదు. కొత్తగా వచ్చిన డాంబరు సైకిలిస్టు భయంతో హ్యాండిలును బిగబట్టి, సీటుకు అతుక్కుని కూర్చుంటాడు. అరగంటలో అరచేతులు మొద్దుబారతాయి. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది.

చూపు విషయంలోనూ తేడా ఉన్నది. ముందు చక్రం కింద ఏముందని చూసేవాడు తప్పక ఆ రాయినే ఎక్కుతాడు. పది పదిహేను గజాల ముందు చూసి, ట్రాక్టరు, బండి చక్రాలు నలిపి గట్టిపరచిన జాడను పట్టుకోవాలి. రెండు జాడల నడుమ ఎత్తుగా ఉన్నచోట వదులు రాళ్లు చేరి ఉంటాయి. ఒక జాడలో నుంచి మరొక జాడలోకి మారవలసి వస్తే చప్పున అడ్డంగా తిప్పరాదు. వేగం తగ్గించి ఏటవాలుగా దాటాలి.

చాలామంది పడేది బ్రేకు దగ్గరే. డాంబరు మీద ముందు బ్రేకే త్వరగా ఆపుతుంది. మొరం మలుపులో అదే బ్రేకు గట్టిగా పట్టితే ముందు చక్రం పక్కకు జారి, మనిషి క్షణంలో నేల మీద ఉంటాడు. వెనుక చక్రం జారితే సర్దుకునే వ్యవధి ఉంటుంది. ముందు చక్రం జారితే ఉండదు. కనుక మలుపు రాకముందే, సైకిలు నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకోవాలి. మలుపులో బ్రేకు ముట్టుకోకుండా పోవాలి.

ఎత్తు ఎక్కేటప్పుడు పెడళ్ల మీద నిలబడి తొక్కడం రోడ్డు సైకిలిస్టుకు అలవాటు. వదులు కంకర మీద అలా నిలబడితే వెనుక చక్రం మీద బరువు తగ్గి, చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. సీటు మీదే కూర్చుని, చిన్న గేరు వేసి, నిదానంగా ఎక్కాలి. మన పాత సైకిలుకు ఒక్క గేరే గనుక పల్లెవాడు ఎత్తు వచ్చినప్పుడు దిగి తోసుకుపోయేవాడు. దిగి నడవడం నామోషీ అని పట్నం మనిషి అనుకుంటాడు. మొరం బాట మీద ఆ నామోషీ మోకాళ్లకు చేటు.

నేల గుణం, పొద్దు లెక్క

ఈ ప్రాంతంలో ఎర్ర చెల్కలూ ఉన్నాయి, నల్ల రేగళ్లూ ఉన్నాయి. వాన పడ్డ మరునాటికి చెల్క బాట ఆరి తొక్కడానికి వీలవుతుంది. రేగడి అలా కాదు. తడిసిన రేగడి చక్రానికి ముద్దలు ముద్దలుగా అంటుకుని, ఫోర్కులో, మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రాన్ని కదలనీయదు. అప్పుడు సైకిలు మనిషిని మోయదు, మనిషే సైకిలును మోయాలి. వానలు వెనుకబట్టి, నేల ఆరిన చలికాలమే ఈ సవారీకి తగిన కాలం. ఎండాకాలంలో ఈ రాతి నేల వేడికి పగటిపూట తొక్కడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

మరొక లెక్క కొత్తవారు తరచు తప్పుతారు. డాంబరు మీద గంటకు 25, 30 కిలోమీటర్లు పోయేవాడు మొరం మీద 12, 15 కిలోమీటర్లు పోతే గొప్ప. అక్కడ గంటన్నరలో ముగిసే 40 కిలోమీటర్లకు ఇక్కడ మూడు గంటలు పడుతుంది. చలికాలంలో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం రెండున్నరకు బయలుదేరినవానికి ఒక్క పంచరు పడినా చీకటి తప్పదు. మొదటి రోజు పది, ఇరవై కిలోమీటర్లు, అదీ ఊరు కనుచూపు మేరలో ఉండే బాట చాలు. రెండు లీటర్ల నీళ్లు, పంపు, అదనపు ట్యూబు, సొల్యూషన్, పానాలు వెంట ఉండాలి. ఒక్కరే పోకుండా ఇద్దరు ముగ్గురు కలిసి పోవడం, ఏ బాటన పోతున్నదీ ఇంటివారికో హోటలువానికో చెప్పి పోవడం మేలు.

అడవి ఆటస్థలం కాదు

అచ్చంపేట పేరు వినగానే నల్లమలలో తొక్కాలని ఎవరికైనా ఆశ పుడుతుంది. కాని ఈ అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దీని విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేనిదే అడవి లోపలి బాటలు పట్టరాదు. శ్రీశైలం రోడ్డు మీద కూడా రాత్రి 9 గంటల నుంచి తెల్లవారి 6 గంటల వరకు సాధారణంగా వాహనాలను విడవరు.

చట్టం ఒకవైపు ఉండగా ప్రాణభయం మరొకవైపు ఉన్నది. సైకిలుకు చప్పుడు లేదు. మోటారు శబ్దం విని పక్కకు తొలగే ఎలుగుబంటి, సైకిలు రావడాన్ని గుర్తించదు. మలుపు తిరగగానే ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. అడవి అంచు ఊళ్లవారు పొద్దు వాలాక గట్టిగా మాట్లాడుకుంటూ నడవడం ఇందుకే. అడవిలో చాలాచోట్ల ఫోను సిగ్నలు కూడా అందదు. పడి కాలు విరిగితే 108కి కబురు చేయడానికే మైళ్లు నడవాలి. చెట్ల బాటలు తప్ప మరేమీ వద్దనుకునేవారు అటవీ అధికారులను అడిగి, వారు చూపిన దారిలో, వారు చెప్పిన వేళల్లో పోవాలి. ఊళ్ల మధ్య బాటలు, చెరువు కట్టలు, తండా రోడ్లు కొత్తవారికి సరిపోయినన్ని ఉన్నాయి.

సరదాకు, అవసరానికి నడుమ

ఊళ్ల మధ్య తొక్కేవారికీ కొన్ని మర్యాదలు ఉన్నాయి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వేరుశనగ మీదుగా సైకిలు పోనివ్వరాదు, దిగి పక్కగా నడవాలి. మేకల మంద ఎదురైతే ఆగి దారి ఇవ్వాలి. తండా కుక్కలు వెంటబడితే వేగం పెంచరాదు. దిగి, సైకిలును మధ్యలో అడ్డుపెట్టుకుని నిలబడితే అవే తగ్గుతాయి. ఖాళీ సీసాలు, బిస్కట్ల కాగితాలు తెచ్చినవారే తీసుకుపోవాలి. టీ నీళ్లు ఊరి హోటల్లో తాగి, గాలి ఊరి పంచరు షాపులో కొట్టించుకుంటే నాలుగు రూపాయలు ఊళ్లో నిలుస్తాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరే ఉన్నది. మట్టి బాటలకు డాంబరు వేస్తుంటే అందం పోతున్నదని కొందరు సైకిలు ప్రియులు బాధపడటం విదేశాలలో జరుగుతున్నది. రేపు ఇక్కడికి వచ్చేవారికీ అటువంటి ఆలోచన రావచ్చు. ఆ బాట వారికి ఆదివారం నాటి సరదా. ఊరికి అది వారమంతా నడిచే దారి. పురిటి నొప్పుల ఆడమనిషిని ఆసుపత్రికి తీసుకుపోయేది ఆ బాట మీదే. వేరుశనగ బస్తాలు మార్కెటు యార్డుకు చేరేది, పిల్లలు హైస్కూలుకు పోయేది ఆ బాట మీదే. 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభించి, ఏడాది పొడుగునా నడిచే రోడ్లు పల్లెలకు వేయాలని కేంద్ర ప్రభుత్వం తలపెట్టినది ఈ అవసరం కోసమే. నల్లమల లోపలి చెంచు పెంటలకైతే రోడ్డు వేయడానికి అటవీ చట్టాల అనుమతులు కూడా దాటాలి. అక్కడివారి ఎదురుచూపు మరింత పెద్దది.

గతుకుల బాట మీద ఒక పూట తొక్కి, అరచేతులు మొద్దుబారి, నడుము పట్టేసి దిగిన పట్నం మనిషికి, ఆ బాట మీదే ముప్పై ఏళ్లు పాలు మోసినవాని కష్టం కొంతైనా తెలియాలి. తెలిస్తే, ఊరికి డాంబరు రోడ్డు కావాలని అడిగే అర్జీ మీద అతడూ ఒక సంతకం చేస్తాడు. రోడ్డు వచ్చిన తరువాత కూడా తొక్కడానికి చెరువు కట్టలు, పొలం బాటలు మిగిలే ఉంటాయి.